సమస్య: "కాపి చేయకుండ కాపి వచ్చె"

అలిపిరి పంతులు: ఈ వారం సమస్య పైన ఉంది, ఆటవెలది నాలుగో పాదం. ప్యాకేజీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూట) ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైళ్లు ఎలా కాపీ కావాలో చెప్పే సెట్టింగు మీదే పూరించాలి. తిరుపతి, చిత్తూరు వాళ్లంతా రండి. 'కాపీ'ని కురచ చేశానని తిట్టకండి, గణాల కోసం తప్పలేదు.

కొర్లగుంట కోడర్:
హార్డు లింకు పెట్ట నాక్షణమందునే
ఒక్క ఫైలుకబ్బె నొండు పేరు
డిస్కు నిండలేదు డేటాయు నొక్కటే
కాపి చేయకుండ కాపి వచ్చె

పీఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించిపెట్టే టూలు) వాడేవాళ్లకి ఇది రోజూ ఉండేదే. దాని స్టోర్‌లోకి (ప్యాకేజీలన్నీ దాచే ఒక్క చోటు) ఒకసారి దిగిన ప్యాకేజీ ఎన్ని ప్రాజెక్టుల్లో కనిపించినా డిస్కులో ఉండేది ఒకటే.

చిత్తూరు తోతాపురి: డి-డే యతి బాగా పడింది సామీ. కానీ హార్డ్‌లింక్ కాపీ ఎట్లవుతుంది? ఒకే ఐనోడ్‌కి (డిస్కులో ఫైలు అసలు రికార్డు) రెండో పేరు, అంతే. డీబగ్ కోసమని నోడ్ మాడ్యూల్స్‌లోకి (ప్రాజెక్టులో ప్యాకేజీలుండే ఫోల్డరు) పోయి ఒక లైను మార్చామనుకో, ఉన్నచోటే రాసే ఎడిటర్ అయితే స్టోర్‌లోదీ మారిపోతుంది, దాన్ని వాడే మిగతా ప్రాజెక్టులూ చెడతాయి. ఇంక "కాపి వచ్చె" అనేదెక్కడ?

పాకాల మామ:
లింకు పడక నేను లేచిపోవగ నింటి
ముందు బండి మామ మూత తీసి
గ్లాసు చేతికిచ్చె కమ్మని నురగతో
కాపి చేయకుండ కాపి వచ్చె

అలిపిరి పంతులు: 😂 బాగా నవ్వించావు, కానీ సెట్టింగు యాడ? లింకు ఎందుకు పడలేదో చెప్పు ముందు.

పాకాల మామ: క్యాష్ (దించిన ప్యాకేజీలు దాచే చోటు) ఒక డిస్కులో, ప్రాజెక్టు ఇంకో డిస్కులో. హార్డ్‌లింక్ ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు సర్దే ఏర్పాటు) దాటి పోదు కదా. యూవీ (పైథాన్ ప్యాకేజీల టూలు) అయితే లింక్ కుదరలేదని వార్నింగ్ ఇచ్చి, తనే పూర్తి కాపీ చేసేసుకుంటుంది. లింక్ మోడ్ 'కాపీ' అని మనమే పెట్టేస్తే ఆ వార్నింగ్ కూడా రాదు, టెన్షన్ లేదు.

రేణిగుంట రైలు: "సిమ్ము లింకు పెట్టి దగ్గరే యుంచితి"... ఇక్కడే ఆగింది బండి.

అలిపిరి పంతులు: సి-ద యతి చెల్లదు నాయనా. "చెంతనే యుంచితి" అను, స-చ చెల్లుతుంది. అయినా ఈ దారి వద్దులే, సిమ్‌లింక్ (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు మాత్రమే) మోడ్ వాడొద్దని యూవీ వాళ్లే రాసిపెట్టారు. క్యాష్ క్లీన్ చేసిన రోజు ఇన్‌స్టాల్ అయినవన్నీ పోతాయి.

చిత్తూరు తోతాపురి:
క్లోను పెట్టినాను కొత్త లాప్‌టాపులో
మార్చనంత వరకు మధ్య గోడ
లేదు, మార్చగానె లేచును వేరుగా
కాపి చేయకుండ కాపి వచ్చె

క్లోన్ అంటే మార్చేదాకా రెండు ఫైళ్లూ ఒకే డేటా పంచుకోవడం. ఫైల్‌సిస్టముల్లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో, మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్‌లో ఇది నడుస్తుంది, ఈఎక్స్‌టీ4లో నడవదు. పీఎన్‌పీఎంని 'ఆటో'లో వదిలేస్తే ముందు క్లోన్ చూస్తుంది, కాకపోతే హార్డ్‌లింక్, అదీ కాకపోతే కాపీ.

అలిపిరి పంతులు: భావం పూర్తిగా కుదిరింది దీంట్లోనే. ఈ వారం నీదే.

కొర్లగుంట కోడర్: సరే గానీ ఆ "కొత్త" యతి కోసమేనా?

చిత్తూరు తోతాపురి: యతి కోసమే. లాప్‌టాప్ మా అన్న వాడి వదిలేసింది, డిస్కు మాత్రం నేను బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి మార్చుకున్నా.