ఉన్న గిటార్ శ్రుతి దించుకుంటే చాలదా, బారిటోన్ గిటార్ కొనాల్సిందేనా?

మంద్రగొంతు:
నా గొంతు బాగా కింద పలుకుతుంది. సి లో ఉన్న పాటని జి కి దించితే గానీ సుఖంగా పాడలేను. జి కార్డులు రాక కాదు. సి షేపు (సి కార్డుకి వేళ్లు పెట్టే తీరు) పట్టి, బొటనవేలితో బేస్ నడిపిస్తూ పాడటం నాకు అలవాటు. ఆ పట్టే నా శ్రుతిలో కావాలి. అందుకే బారిటోన్ అకూస్టిక్, అంటే పొడవు మెడ, లావు తీగలతో మామూలు దానికంటే కింద పలికే గిటార్, కొందామనుకుంటున్నా. మామూలు గిటార్ ఇ నుంచి ఇ కి ఉన్నట్టు, దాన్ని ఆరో తీగ బి నుంచి మొదటి తీగ బి దాకా శ్రుతి చేస్తే సి షేపు సరిగ్గా జి అవుతుంది. మా గురువుగారేమో ఉన్నదాన్నే దించుకో, డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

కేపో కుర్రాడు:
గురువుగారి మాటే నా మాట. 13-56 సెట్ (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి తీగలన్నిటినీ ఒక టోన్ దించండి. బిగువు ఐదో వంతు తగ్గుతుంది, అంతే. అప్పుడు ఎ షేపు పడితే జి పలుకుతుంది. షేపు మార్చుకోలేక ఇంకో గిటార్ కొంటానంటే ఏం చెప్పాలి?

తీగల వైద్యుడు:
ఒక టోన్ వరకు ఓకే. అవే తీగల్ని బి దాకా, అంటే ఐదు సెమీటోన్లు (సెమీటోన్ అంటే అర టోన్) దించితే బిగువు 56 శాతమే మిగులుతుంది. ఆరో తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. గట్టిగా మీటితే స్వరం పైకి పోయి మళ్లీ దిగుతుంది.

అలాగని బారిటోన్ పొడవేదో అద్భుతం చేస్తుందనీ అనుకోకండి. మామూలు గిటార్ స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాల దగ్గర ఉంటుంది, బారిటోన్‌ది 27 నుంచి 30. 27 అయితే దానివల్ల పెరిగే బిగువు 12 శాతమే. అసలు పని లావు తీగది. 16-70 సెట్‌ని మామూలు గిటార్‌కి వేసి బి కి శ్రుతి చేయండి, 12-53 సెట్ ఇ లో ఉన్నంత బిగువు దాదాపుగా వచ్చేస్తుంది. మెడ చివర తీగలు కూర్చునే నట్ గాడులు వెడల్పు చేయించి, పెట్టె మీద తీగలు ఆనే శాడిల్ సరిచేయించాలి. కొత్త గిటార్ ధరతో పోలిస్తే అదో ఖర్చే కాదు. (ఆ సెట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇ దాకా బిగించకండి, తీగల్ని పెట్టెకి పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోతుంది.)

రోజ్‌వుడ్:
లెక్క బాగుంది వైద్యుడు గారూ, మరి చెవి సంగతి? లావు తీగని పొట్టి స్కేల్ మీద బిగిస్తే అది కడ్డీలా మొండికేస్తుంది. అసలు స్వరంతోపాటు మోగే పై స్వరాలు (హార్మోనిక్స్) ఉండాల్సిన చోటి కంటే పైకి జరుగుతాయి, పై ఫ్రెట్లలో శ్రుతి తేడా కొడుతుంది. పొడవు వల్ల వచ్చేది బిగువు కంటే స్పష్టత.

గిటార్ పెట్టె సంగతి కూడా ఉంది. ఆరో తీగ బి 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మామూలు డ్రెడ్‌నాట్‌ (వెడల్పు పెట్టె ఉన్న అకూస్టిక్ గిటార్) లోపలి గాలి బలంగా స్పందించేది 100 హెర్ట్జ్ ప్రాంతంలో. అందుకే బారిటోన్ కొనేటప్పుడు పెద్ద పెట్టె ఉన్నవాటిని ముందు చూడమంటాను. డెమో వీడియోలు ఫోన్ స్పీకర్‌లో విని మాత్రం నిర్ణయించకండి. ఆ కింది స్వరాలు అందులో అసలు రావు.

సన్నతీగ:
కొనడం గురించే తప్ప వాయించడం గురించి ఎవరూ మాట్లాడరేం? సి షేపులో ఐదో తీగ, నాలుగో తీగ కలిపి మీటితే మామూలు గిటార్‌పై 131, 165 హెర్ట్జ్. బారిటోన్‌పై అవే 98, 123 అవుతాయి. అంత కింద కార్డు మూల స్వరానికి దాని మూడో స్వరం పక్కనే ఉంటే ముద్దగా వినిపిస్తుంది. నాలుగో తీగ వదిలేసి ఐదో తీగ, పై మూడు తీగలు మీటండి, వెంటనే తేట పడుతుంది. ఆరు తీగలూ కలిపి దడదడా స్ట్రమ్ చేసేవాళ్లకి బారిటోన్ అనవసరం.

జాజ్ గిటారిస్ట్ పాట్ మెథేనీ, గిటార్లు తయారుచేసే లిండా మాంజర్ చేసిన బారిటోన్‌ని ఎ కి దించి, మధ్య రెండు తీగల్ని ఒక ఆక్టేవ్ పైకి పెట్టి వాయించాడు. దాంతో ఈ ముద్ద చాలావరకు పోతుంది. టేలర్ గిటార్ కంపెనీ వాళ్ల ఎనిమిది తీగల బారిటోన్‌లో మూడు, నాలుగు తీగలకి ఆక్టేవ్ జత ఉండేదీ అందుకే.

కేపో కుర్రాడు:
చూశారా! పాత అలవాటు పోకూడదని ఆయన బారిటోన్ అడిగితే, అక్కడా అలవాటు మార్చుకోమంటున్నారు. ఆ మార్చుకునేదేదో ఉన్న గిటార్ మీదే మార్చుకుంటే పోలా?

సన్నతీగ:
ఎడమచేతి పట్టు మారదు తమ్ముడూ. మీటే తీరే మారుతుంది. రెండూ ఒకటి కాదు.

మంద్రగొంతు:
ఇంకో మాట. మా బావమరిది కూడా పక్కన గిటార్ వాయిస్తాడు. ఇద్దరం అవే కార్డులు, అదే స్థాయిలో వాయిస్తున్నాం. రెండు గిటార్లున్నా ఒక్కటే ఉన్నట్టుంటుంది.

రోజ్‌వుడ్:
ముందే చెప్పొచ్చుగదండీ! గొంతు కోసమైతే నేనూ కేపో కుర్రాడి వైపు వచ్చేవాణ్ణేమో. జంటగా వాయించడానికైతే బారిటోన్ కొనండి. అతను జి షేపు, మీరు సి షేపు. పాట ఒకటే, స్థాయిలు వేరు. ఎ లో పాడాలంటే రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు). ఐదో ఫ్రెట్‌లో పెడితే మామూలు శ్రుతికి వచ్చేస్తుంది.

తీగల వైద్యుడు:
అయినా ముందు ఏదైనా పాత డ్రెడ్‌నాట్‌కి 16-70 వేసి కొన్నాళ్లు వాయించి చూడండి. ఆ మంద్రం మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. కొనేటప్పుడు ఆరో తీగ పన్నెండో ఫ్రెట్‌లో హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చేది), నొక్కిన స్వరం ఒకటేనా అని ట్యూనర్‌తో చూడండి. మొదటి ఫ్రెట్‌లో ఎఫ్ బారె (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టండి, చెయ్యి అందుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. మెడ పొడవు కాబట్టి పాత బ్యాగులో పట్టకపోవచ్చు. ఆ తీగలు ప్రతి షాపులో దొరకవు, గిటార్‌తోపాటే అదనపు సెట్ తెప్పించుకోండి.

మంద్రగొంతు:
పాత డ్రెడ్‌నాట్ ఇంట్లోనే ఉంది. ముందు దాని మీదే చూస్తా.

కేపో కుర్రాడు:
అది బావమరిదిది కాదు కదా?