150 హార్స్‌పవర్ బండి మన రోడ్ల మీద దేనికి?

పాతస్విఫ్ట్_హన్మకొండ:

పోయిన ఆదివారం మా మేనల్లుడు కొత్త ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కారు తెచ్చాడు. 1.5 లీటర్ టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. "మామా, నువ్వే నడుపు" అని తాళం చేతిలో పెట్టాడు. జనగామ దాకా పోయొచ్చాం. బండికి వంక పెట్టలేను. కానీ సాయంత్రం నా 2008 స్విఫ్ట్ తీసి నయీంనగర్‌లో పాల ప్యాకెట్లకు పోతుంటే, నాకు తెలియకుండానే ముఖం మీదికి నవ్వొచ్చింది. పొద్దున అంత బండి నడిపినప్పుడు రాని నవ్వు ఇప్పుడెందుకొచ్చిందా అని రెండు రోజులు ఆలోచించా.

నా బండిలో ఉన్నది పాత 1.3 ఇంజిన్. 87 హార్స్‌పవర్, బరువు టన్ను అటూ ఇటూ. సెకండ్ గేర్‌లో ఇంజిన్ అరిచేదాకా లాగినా స్పీడోమీటర్ ముల్లు మర్యాద దాటదు. వర్టస్‌లో 80 అంటే ఇంజిన్ నిద్రలో ఉన్నట్టే. ఇది ఊరికే అనడం లేదు, తేలిగ్గా పోతున్నప్పుడు ఆ ఇంజిన్ నిజంగానే నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపేసుకుంటుంది. 80 దాటగానే బీప్ మొదలు (2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి). ఆ బీప్ తర్వాతే బండికి ప్రాణం వస్తుంది. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. మజా మొదలయ్యే సరికి చట్టం అయిపోతోంది.

పోనీ చట్టం సంగతి పక్కన పెడదాం. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు రాంగ్ రూట్లో ఎదురొస్తుంది. ఆ మిగిలిన పవర్ ఎక్కడ వాడాలి? గేరు అదే మార్చుకుంటుంది, స్టీరింగ్ ఎలక్ట్రిక్, కింద రోడ్డెట్లా ఉందో చేతికి తెలియదు. వేగం పెంచి డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టారని నా బాధ. మీరేమంటారు?

కాజీపేట_టర్బో:

అన్నా, ఒక చిన్న సవరణ. మీ స్విఫ్ట్ స్టీరింగ్ కూడా ఎలక్ట్రిక్కే, 2005లో వచ్చినప్పటి నుంచీ అంతే. ఆయిల్ ప్రెషర్‌తో తిరిగే పాతకాలం హైడ్రాలిక్ స్టీరింగ్ ఫీల్ కావాలంటే ఫియట్ పుంటో వెతుక్కోవాలి. కాబట్టి మీ నవ్వుకు కారణం స్టీరింగ్ కాదు, బరువు తక్కువ కావడం. దానికి తోడు పదిహేనేళ్ల అలవాటు.

ఇంకో మాట. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్దించి చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. అది మీ బండి తర్వాతి తరం. వర్టస్‌కు 2023లో అయిదు స్టార్లు. నవ్వు సంగతి సరే, ఇంటికి చేరే సంగతి?

హుజూరాబాద్_రూటు:

నేను వారంలో నాలుగు రోజులు కరీంనగర్–వరంగల్ తిరుగుతా. పాతస్విఫ్ట్ అన్న నాలుగు లేన్ల హైవే లెక్కే చెప్పారు. రెండు లేన్ల రోడ్డు మీద గ్రానైట్ లారీ వెనక చిక్కుకున్నప్పుడు తెలుస్తుంది పవర్ దేనికో.

లెక్క చూడండి. లారీ 50లో పోతోంది. దాన్ని దాటి మళ్లీ మన లేన్‌లోకి రావడానికి లారీ కంటే 50 మీటర్లు ఎక్కువ పోవాలనుకుందాం. మన స్పీడు 70 అయితే 9 సెకన్లు, 85 అయితే 5 సెకన్లు. ఆ నాలుగు సెకన్లు నేను ఎదురు లేన్‌లో ఉండను. టాప్ స్పీడు నాకు అక్కర్లేదు. 50 నుంచి 85కు ఎంత తొందరగా పోతుందన్నదే కావాలి. నా పాత బండిలో థర్డ్ వేయాలా, సెకండ్ వేయాలా అని ఆలోచించే లోపు ఎదురుగా బస్సు హెడ్‌లైట్లు కనిపించేవి.

పాతస్విఫ్ట్_హన్మకొండ:

స్టీరింగ్ విషయంలో తప్పు నాదే తమ్మీ, ఒప్పుకుంటున్నా. పదిహేడేళ్లు తిప్పిన స్టీరింగ్ ఏ రకమో తెలుసుకోలేదంటే ఇంట్లో వాళ్లు నవ్వుతున్నారు.

ఓవర్‌టేక్ లెక్క కూడా బాగుంది. కానీ నేను చూసేది వేరు. పవర్ ఉన్నవాడు అదే ఓవర్‌టేక్‌ను తక్కువ సమయంలో చేసి ఊరుకోడు. ఇంకా చిన్న సందులో చేస్తాడు. మా మేనల్లుడే అంతకు ముందు చిన్న కారులో ఉన్నప్పుడు లారీ వెనక ఓపిగ్గా కూర్చునేవాడు. మొన్న మలుపు ముందే ఓవర్‌టేక్ కొట్టబోతే నేనే భుజం పట్టుకుని ఆపా. మీరు మిగుల్చుకున్న ఆ నాలుగు సెకన్లను వాడు ఖర్చు పెట్టేస్తున్నాడు.

సుబేదారి_స్టీరింగ్:

ఇక్కడ అందరూ ఆదివారం డ్రైవింగ్ గురించే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో కారు ఎక్కువ నడిపేది నేనే. పిల్లల స్కూలు, ఆఫీసు, మళ్లీ స్కూలు. సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పోయింది. గేరు మార్చడంలోని మజా చెప్పే అన్నలు ఒక వారం నా డ్యూటీ చేయండి. ఆటోమేటిక్ వచ్చాక డ్రైవింగ్ మళ్లీ ఇష్టమైంది నాకు. నన్నెవరూ పక్కన కూర్చోబెట్టలేదు.

ఒక్క విషయంలో మాత్రం పాతస్విఫ్ట్ అన్నతో ఉన్నా. ఏసీ ఫ్యాన్ తగ్గించడానికి కూడా టచ్ స్క్రీన్ చూడాలా? గుండ్రటి నాబ్ ఉంటే చెయ్యే వెతుక్కుంటుంది, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

కరెంటుబండి_కరీంనగర్:

150కే ఇంత చర్చా? నాది మహీంద్రా ఎలక్ట్రిక్ కారు బీఈ 6. 79 కిలోవాట్ అవర్ బ్యాటరీ, వెనక చక్రాలకు మోటారు, 286 హార్స్‌పవర్. సున్నా నుంచి 100కు 6.7 సెకన్లని కంపెనీ లెక్క. గేర్లు లేవు, మోత లేదు, కాలు పెట్టగానే పోతుంది. కాలు తీస్తే మోటారే జనరేటర్‌గా మారి బండిని నెమ్మదింపజేస్తుంది. ఆ మోత లేకపోవడం ఒక లోటే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూశా. వెర్న్ గెలిచాడు. పోటీ బాగుంది కానీ రేసు చూసినట్టు గుండె అదరలేదు.

అయినా పాతస్విఫ్ట్ అన్నది రేటు గొడవేమోనని నా అనుమానం. 2025లో 53 లక్షలకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ స్పోర్ట్స్ కారు గోల్ఫ్ జీటీఐ ఎవరైనా ఫ్రీగా ఇస్తే వద్దంటారా?

పాతస్విఫ్ట్_హన్మకొండ:

ఇస్తే తీసుకుంటా. అమ్మి పస్రా–తాడ్వాయి అడవి రోడ్డుకు సరిపోయే చిన్న బండి ఒకటి కొంటా. ఆ మలుపుల్లో 50–60 దాటే పని లేదు. అక్కడ 87 హార్స్‌పవరే ఎక్కువ.

ఆటోనగర్_షెడ్డు:

సార్లూ, నేను మెకానిక్‌ని. మీరంతా ఎంత తొందరగా పోతుందో చెబుతున్నారు, ఎట్లా ఆగుతుందో ఎవరూ రాయలేదు. స్పీడు 80 నుంచి 100కు పెరిగితే పెరిగింది నాలుగో వంతే, కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి సగానికి పైగా పెరుగుతుంది. మనిషి తేరుకుని పెడల్ తొక్కడానికి ఒక్క సెకను పట్టినా 100లో 28 మీటర్లు పోయినట్టే.

షెడ్డుకు వచ్చే బండ్లు చూస్తుంటా. ఇంజిన్‌కు చిప్ వేయించి పవర్ పెంచుతారు, బ్రేక్ ఆయిల్ మాత్రం నాలుగేళ్లుగా మార్చరు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. ఇక టైర్లు. పాతస్విఫ్ట్ సార్, అడవి రోడ్డు మలుపులన్నారు కదా, మీ టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అరుగుదల ఉన్నా లేకున్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది.

కాజీపేట_టర్బో:

అన్నా, ఇప్పుడు చెప్పండి.

పాతస్విఫ్ట్_హన్మకొండ:

ఇప్పుడే టార్చి పట్టుకుని కిందికి పోయొచ్చా. ముందువి రెండూ 2022వి. వెనక కుడిది 3817. ఎడమది అంకెలు లోపలి వైపు ఉన్నాయి, రేపు పొద్దున జాకీ పెట్టి చూడాలి. షెడ్డు భాయ్, ఆదివారం తెరిచే ఉంటుందా?