హాలోపెరిడాల్ ఇచ్చాక మెడ లాగేసింది, ఎందుకు?

సైకియాట్రీ వార్డులో నర్సుగా కొత్తగా చేరాను. స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు ఉండే మానసిక జబ్బు) ఉన్న ఒక కుర్రాడికి హాలోపెరిడాల్ ఇంజక్షన్ ఇచ్చాక రాత్రికి మెడ ఓ పక్కకి లాగేసి, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. డాక్టర్ గారు ప్రోమెథజీన్ ఇంజక్షన్ రాశాక తగ్గింది. వాళ్ళమ్మ మాత్రం ఇక ఆ హాలోపెరిడాలే వద్దంటోంది. ఏం చెప్పాలి?

జవాబు 1: అది అక్యూట్ డిస్టోనియా సిస్టర్, అంటే కండరాలు ఉన్నట్టుండి వాటంతటవే బిగుసుకుని మెలితిరగడం. హాలోపెరిడాల్ మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని గట్టిగా అడ్డుకోవడం వల్ల వస్తుంది, వయసులో ఉన్న మగపిల్లల్లో, మొదటి కొన్ని రోజుల్లోనే ఎక్కువ. గొంతు కండరాలు బిగిస్తే ఊపిరే ఆడదు కాబట్టి ఎప్పుడూ ఆలస్యం చేయొద్దు. అమ్మగారికి ఇది తగ్గేదేనని, మందు మార్చే దారి కూడా ఉందని ఓపిగ్గా చెప్పండి, లేకపోతే ఇంటికెళ్ళాక మాత్రలన్నీ ఆపేస్తారు.

జవాబు 2: ఇలాంటి మందు వాడేవాళ్ళకి జ్వరం, ఒళ్ళంతా బిగుసుకోవడం, చెమటలు, మాటలో తికమక కలిసి వస్తే అది ఎన్‌ఎంఎస్ (న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్, ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే తీవ్రమైన రియాక్షన్) కావచ్చు, ప్రాణం మీదికొస్తుంది. తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే డాక్టర్‌ని పిలవండి.

జవాబు 3: స్కిజోఫ్రెనియాకే ఇచ్చే ఇంకో మందు క్లోజపిన్ వాడేవాళ్ళు గొంతు నొప్పి, జ్వరం అన్నా తేలిగ్గా తీసుకోకండి, తెల్లరక్తకణాలు పడిపోయి ఉండొచ్చు.