1979 యమహా ఎక్స్ఎస్ 650: కామ్ చైన్ బిగించాక గలగల పోయింది, ఈల మొదలైంది

ప్రశ్న (పాతబండి_పెన్సిల్వేనియా):

అందరికీ నమస్కారం. నేను పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. కిందటి శీతాకాలంలో 1979 నాటి యమహా ఎక్స్ఎస్ 650 ఒకటి కొన్నాను. చిన్నప్పుడు నాన్నగారి బుల్లెట్, కాలేజీ రోజుల్లో నా ఆర్ఎక్స్ 100 తప్ప మరే బండినీ విప్పి చూసినవాణ్ని కాను. బుల్లెట్‌లో కామ్‌లను (వాల్వులను తెరిపించే ఉబ్బెత్తు ఇరుసులను) తిప్పేవి పళ్ల చక్రాలు, వాల్వులను ఎత్తేవి పుష్‌రాడ్లు. ఆర్ఎక్స్ టూ స్ట్రోక్ కనుక దాని హెడ్డులో వాల్వులే లేవు. అందువల్ల క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) నుంచి కామ్‌ను తిప్పే ఈ కామ్ చైన్‌తో నాకు ఇదే మొదటి పరిచయం.

చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలితే, రెండు సిలిండర్ల మధ్య నుంచి రేకు డబ్బాలో చిల్లర వేసి ఊపినట్టు గలగలమని చప్పుడు వచ్చేది. యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ఆ చప్పుడు తగ్గేది. స్పార్క్ పడే క్షణాన్ని చూపే టైమింగ్ లైట్ పట్టి చూస్తే, క్రాంక్ కొసన తిరిగే రోటార్ మీది గీత ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తడబడేది. సిలిండర్ వెనకవైపు ఉన్న, చైన్ బిగువును సర్దే అడ్జస్టర్ మూత విప్పి, ఇంజిన్ ఆపి ఉండగానే, చేతికి బాగా బిగువు తగిలేదాకా అడ్జస్టర్‌ను లోపలికి తిప్పాను. గలగల పూర్తిగా పోయింది, కానీ ఇప్పుడు వేగం పెరిగేకొద్దీ సన్నని ఈల వినిపిస్తోంది. నేను ఎక్కువ బిగించానా? అసలు సరైన బిగువును ఎలా గుర్తించాలి?

జవాబు (వెనకచక్రం):

అవునండీ, ఎక్కువే బిగించారు. దయచేసి ఆ స్థితిలో బండిని నడపకండి. గలగలలాడే చైన్ తన ఉనికిని తానే చాటుకుంటుంది కనుక మనం ఏదో ఒకటి చేస్తాం. మితిమీరి బిగించిన చైన్ మాత్రం గైడ్ల (చైన్ ఆనుకుని జారే పట్టీల) రబ్బరును, తన పిన్నులను, కామ్ బేరింగులను పెద్దగా చప్పుడు చేయకుండా తినేస్తుంది. మీ ఇంజిన్ కనీసం ఈల వేసి చెప్పింది.

ముందుగా లోపల ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఈ ఇంజిన్‌లో చైన్ రెండు బోర్ల మధ్య ఉన్న సందులో క్రాంక్ నుంచి పైనున్న కామ్ దాకా వెళ్తుంది. బండికి ఎడమవైపు నిలబడి చూస్తే క్రాంక్ గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అంటే చైన్ ముందు పాయను కిందికి లాగుతుంది. కాబట్టి ముందు పాయ ఎప్పుడూ లాగిపెట్టి ఉంటుంది, వదులు అంతా వెనక పాయలో చేరుతుంది. చైన్‌ను తోసి వదులు తీసే టెన్షనర్‌ను వెనకవైపు పెట్టడానికి కారణం ఇదే. మీరు క్రాంక్‌ను వెనక్కి తిప్పితే ఆ వదులు ముందుకు మారిపోతుంది, అప్పుడు టెన్షనర్ దగ్గర మీరు చూసేదంతా తప్పుగా ఉంటుంది.

ఇక పద్ధతి చెబుతాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పేయండి. ఎడమవైపు కవర్ తీసి, రోటార్ నట్టుకు 17 నంబరు పానా పెట్టి, గడియారపు ముల్లుకు ఎదురుగా మాత్రమే, నిదానంగా తిప్పండి. పొరపాటున కాస్త వెనక్కి తిరిగితే మరో రెండు పూర్తి చుట్లు ముందుకు తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. అడ్జస్టర్ మూత విప్పి ఉంచితే దాని నడుమ చిన్న ప్లంజర్ (టెన్షనర్‌ను తోసే కడ్డీ) కొస కనిపిస్తుంది. మీరు క్రాంక్ తిప్పుతున్నంతసేపూ, వాల్వు స్ప్రింగులు కామ్‌ను ఒకసారి ఆపుతూ ఒకసారి ముందుకు తోస్తూ ఉండటం వల్ల, ఆ కొస నిద్రపోతున్న పసివాడి పొట్టలాగా లోపలికీ బయటికీ కదులుతుంది. అది అన్నిటికంటే లోపలికి వెళ్లిన చోట, అంటే చైన్ అత్యంత వదులుగా ఉన్న చోట ఆగండి. అక్కడ ప్లంజర్ కొస అడ్జస్టర్ అంచుతో సమానంగా ఉండాలి. గోరు పెట్టి అడ్డంగా జరిపితే మెట్టు తగలకూడదు. కొస లోపలికి కూరుకుపోయి ఉంటే చైన్ వదులు, బయటికి పొడుచుకొచ్చి ఉంటే బిగువు ఎక్కువ. చేతికి తగిలే బిగువు కొలత కానేకాదు, ఎందుకంటే మీ చేతికి తగిలేది టెన్షనర్‌లోని స్ప్రింగు, చైన్ కాదు.

ఇంజిన్ నడుస్తుండగా సర్దే పద్ధతి ఒకటి కొందరు చెబుతారు. ప్లంజర్ స్వల్పంగా ఊగుతూ ఉండటం చూడటానికి అది మంచిదే కానీ, వేడి ఆయిల్ మోచేతి దాకా చిమ్ముతుంది కనుక ఒకసారి చేసి నేను మానుకున్నాను.

మరొక సంగతి ఉంది. మీ మోడల్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే కాంటాక్ట్ పాయింట్లు కామ్‌షాఫ్ట్ చివర ఉంటాయి కనుక, చైన్ వదులైతే వాల్వుల టైమింగే కాక ఇగ్నిషన్ కూడా వెనకబడుతుంది, గీత తడబడుతుంది. టైమింగ్ లైట్‌లో మీరు చూసింది అదే. అందువల్ల మొదట చైన్ సర్దండి, తర్వాత పాయింట్ల సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంచి ఇగ్నిషన్ టైమింగ్ చూడండి, వాల్వుల సందు కూడా ఒకసారి కొలవండి. చైన్‌ను వదిలేసి టైమింగ్ సరిచేస్తే, చైన్ సర్దిన రోజున ఆ పనంతా మళ్లీ చేయాల్సి వస్తుంది.

జవాబు (బెజవాడ_బ్రదర్):

పైన చెప్పినది ఎక్స్ఎస్‌కు సరిపోతుంది. అయితే ఈ చర్చ చదివే మిగతావారు తమ బండికి ఇదే పద్ధతి వాడకూడదని చెప్పడానికి రాస్తున్నాను. హోండా సీబీ 750 ఫోర్‌లో ఆలోచనే వేరు. అక్కడ మొదటి సిలిండర్‌ను కంప్రెషన్‌లో పైకి తెచ్చి, మరో 15 డిగ్రీలు ముందుకు తిప్పి, లాక్‌నట్టు వదులు చేస్తే, లోపలి స్ప్రింగే టెన్షనర్‌ను కావలసినంత తోస్తుంది. మన పని నట్టు మళ్లీ బిగించడమే. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి సాయం చేయబోతే మీకు పట్టిన ఈలే దానికీ పడుతుంది.

మా వైపు చాలామందికి కామ్ చైన్ పరిచయమైంది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100తో. మెకానిక్‌లు దాన్ని టైమింగ్ చైన్ అనే అంటారు. అందులో బిగువును స్ప్రింగూ ఆయిలూ కలిసి చూసుకుంటాయి కనుక యజమాని కొలిచి సర్దేది ఏమీ లేదు. చప్పుడు వచ్చిందంటే చైన్, రోలర్లు, టెన్షనర్ రబ్బరు అన్నీ కలిపి కిట్టుగా మార్చడమే. ఆ అలవాటుతో నేను మొదటిసారి పాత జపాన్ ట్విన్ (రెండు సిలిండర్ల బండి) ముట్టుకున్నప్పుడు, ఇది కూడా దానంతటదే సర్దుకుంటుందని నమ్మి ఒక ఏడాది పాటు మూతే విప్పలేదు.

చప్పుడు పోలేదంటే చైన్‌నే అనుమానించాల్సిన పని కూడా లేదు. రెండు కార్బురేటర్లు సమంగా లేక ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే, బాగున్న చైన్ కూడా కొరడా ఝళిపించినట్టు కొట్టుకుంటుంది. ముందు వాటిని సమం చేసి వినండి.

పాతబండి_పెన్సిల్వేనియా:

ఇద్దరికీ ధన్యవాదాలు. శనివారం మీరు చెప్పినట్టే చేశాను. ప్లంజర్ దాదాపు రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి అంచుకు సమం చేశాక ఈల పోయింది, టైమింగ్ లైట్‌లో గీత కూడా మునుపటికంటే నిలకడగా ఉంది. కార్బురేటర్లు సమం చేశాక ఐడిల్‌లో ఇంకా కొంచెం గలగల మిగిలింది. అయితే ఆయిల్ మారుద్దామని అడుగు ప్లేటు విప్పితే, ఆయిల్ వడకట్టే జాలీకి అంటుకుని గోరంత నల్లని ముక్కలు మూడు కనిపించాయి. వేలితో నొక్కితే లోహంలా లేవు, ఎండిన చింతపిక్క పొట్టులా విరుగుతున్నాయి. ఇవి ఏమిటి?

జవాబు (వెనకచక్రం):

అవి ముందు గైడ్ మీది రబ్బరు అయ్యే అవకాశం ఎక్కువ. లాగిపెట్టి ఉండే ముందు పాయ ఆ గైడ్ మీదనే జారుతుంది. నలభై ఏళ్ల వేడికి, ఆయిల్‌కు రబ్బరు గట్టిపడి లోహపు పట్టీ నుంచి ఊడుతుంది, బిగువు ఎక్కువైతే త్వరగా ఊడుతుంది. మీరు నడిపిన కొద్ది మైళ్ల వల్ల జరిగింది కాదులెండి, అది ఎప్పటినుంచో పెళుసుబారి ఉంటుంది. జాలీని కూడా వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఈ ఇంజిన్లలో అది చిరగడం చాలా మామూలు, చిరిగితే ఆ ముక్కలు నేరుగా ఆయిల్ పంపు దాకా వెళ్తాయి.

గైడ్ మార్చాలంటే ఇంజిన్‌ను ఫ్రేమ్ నుంచి దించక తప్పదు, ఎందుకంటే ఫ్రేమ్‌లో ఉండగా పై కవర్ ఊడి రావడానికి చోటు చాలదు. ఎలాగూ దించుతున్నారు కనుక ముందు, వెనక గైడ్లతో పాటు చైన్ కూడా కొత్తది వేయండి. పాత చైన్ రివెట్‌ను అరగదీసేటప్పుడు కింది సందు మొత్తం గుడ్డలతో కుక్కి, ఒక్క ఇనుప రజను కూడా లోపలికి పోనివ్వకండి. పాత చైన్ కొసకు కొత్త దాన్ని తీగతో కట్టి, మరొకరు రెండు కొసలనూ బిగువుగా పట్టుకుని ఉండగా, మీరు క్రాంక్‌ను నిదానంగా తిప్పితే కొత్తది లోపలికి చుట్టుకుంటుంది. కలిపే లింకుకు క్లిప్పు వద్దు, రివెట్ చేయండి. పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుని, లింకు మాత్రం వేలితో వంచితే స్వేచ్ఛగా కదలాలి.

అంతదాకా బండిని షెడ్డులోనే ఉంచండి. కొత్త చైన్ వేశాక మొదటి కొన్ని వందల మైళ్లలో అది కాస్త సాగుతుంది కనుక, మొదటి ఆయిల్ మార్పిడి రోజున మూత విప్పి ప్లంజర్ కొస మీద మళ్లీ ఒకసారి గోరు జరిపి చూడండి.