మెంటారింగ్ కొందరికేనా, అందరికీనా? జాబితా వేసి మరీ సాయం చేయాలా?

లైబ్రరీమూల:
మా యూనివర్సిటీలో ఈ ఏడాది నుంచి ఫస్టియర్ వాళ్లకి సీనియర్లని మెంటార్లుగా ఇస్తున్నారు. మంచి పనే కదా అని నేనూ పేరిచ్చాను. తీరా చూస్తే అది అందరికీ కాదట. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, వేరే మీడియంలో చదివి వచ్చినవాళ్లు, ఇలా అడ్మిషన్ ఫారాల్లోంచి ఏరి జాబితా తీశారు. "మీరు సహాయ కార్యక్రమానికి ఎంపికయ్యారు" అని మెయిల్ కూడా పంపారు. నాకు అప్పగించిన వాళ్లలో ఒకమ్మాయి వచ్చీ రాగానే, "నేను ఫెయిలవుతానని ముందే అనుకున్నారా?" అని అడిగింది. ఎంట్రన్స్‌లో ఆ అమ్మాయి ర్యాంకు నాదాని కంటే మెరుగు. ఇలా ఏరి సాయం చేయడం సరైనదేనా? మీరేమంటారు?

నల్లబోర్డు:
కాదనే అంటాను. ఇది కొత్త సమస్యా కాదు, దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. 1973లో అమెరికాలోని మిస్సోరీ యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి మొదలుపెట్టారు. అందులో బలహీనంగా ఉన్న విద్యార్థి ఎవరని వెతకరు, ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టు ఏదని వెతుకుతారు. ఆ సబ్జెక్టులో అంతకుముందే మంచి మార్కులు తెచ్చుకున్న ఒక సీనియర్ మళ్లీ అదే క్లాసులో కూర్చుని నోట్సు రాసుకుంటాడు, క్లాసయ్యాక పిల్లలందరినీ కూర్చోబెట్టి కలిసి చదివిస్తాడు. ఎవరైనా రావచ్చు, కాబట్టి వచ్చినంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో యూరీ ట్రైస్మన్ అనే గణిత పరిశోధకుడు చేసిందీ చూడండి. కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారంటే, పట్టుదల లేదనీ ఇంట్లో చదువు వాతావరణం లేదనీ లెక్చరర్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లట. ఆయన స్వయంగా వెళ్లి గమనిస్తే, కష్టపడి చదువుతున్నారు గానీ ఒంటరిగా చదువుతున్నారు. బాగా చేస్తున్న చైనా మూలాల విద్యార్థులేమో ఒక్కరే చదువుకున్నాక గుంపుగా కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు. దాంతో ఆయన ట్యూషన్ లాంటిది పెట్టకుండా, మామూలు క్లాసు కన్నా కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా చేయించే వర్క్‌షాప్ పెట్టారు. "మీకు రాదు కాబట్టి రండి" అనలేదు, "మీరు గట్టివాళ్లు కాబట్టి రండి" అన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

రెండోబెంచి:
నల్లబోర్డు గారూ, అందరికీ తలుపు తెరిచి పెడితే ముందు ఎవరు దూరతారో మీకు తెలీదా? నోరున్నవాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలు లెక్చరర్లయినవాళ్లు. సాయం కావాలని అడగడం కూడా ఎవరో నేర్పితే వచ్చే విద్యే, అది రానివాడే కదా మనం వెతుకుతున్నది. మీరు చెప్పిన బర్క్‌లీ ఆయన కూడా ఎవరు తప్పుతున్నారో చూసే కదా మొదలుపెట్టింది! జాబితా లేకపోతే ఆ లోటు కనపడేదెలా?

ఇంకోటి. మెంటార్ ఎవరైనా ఒకటే అనుకోవడం కూడా తప్పు. 2017లో డెన్నెహీ, దాస్‌గుప్తా అనే ఇద్దరి పరిశోధన వచ్చింది. ఇంజినీరింగ్‌లో చేరిన 150 మంది అమ్మాయిల్లో కొందరికి సీనియర్ అమ్మాయిని, కొందరికి సీనియర్ అబ్బాయిని మెంటార్‌గా ఇచ్చారు, కొందరికి ఎవరినీ ఇవ్వలేదు. సీనియర్ అమ్మాయి తోడున్న వాళ్లలో మొదటి ఏడాది ఒక్కరూ ఇంజినీరింగ్ వదల్లేదు. మార్కుల్లో పెద్ద తేడా ఏమీ లేదు, "ఇది నా చోటే" అన్న ధీమాలోనే తేడా. మరి ఎవరికి ఎవరు తోడుండాలో చూడాలంటే ఎవరు ఎవరో తెలియాలి కదండీ.

నల్లబోర్డు:
తెలియడం వేరు, నోటీసు బోర్డులో పెట్టడం వేరు. ఆ పరిశోధనకు అమ్మాయిలు ఒప్పుకుని వచ్చారు, ఇక్కడ అడ్మిషన్ ఫారంలో రాసింది చెప్పాపెట్టకుండా వాడేశారు.

సాయంత్రంఆరు:
నేను విద్యార్థులకు కౌన్సెలింగ్ చేస్తాను. మీరిద్దరూ వాదించుకుంటున్నది అసలు ప్రమాదం కాదేమో. లైబ్రరీమూల గారూ, మీ మెంటార్లకు నెల నెలా నింపమని ఏదైనా ఫారం ఇచ్చారా? అందులో ఏమేం రాయాలి, అది ఎవరెవరు చూడొచ్చు?

లైబ్రరీమూల:
ఇచ్చారండీ, ఆన్‌లైన్ షీటు. పేరు, రోల్ నంబరు, కలిసిన తేదీ, చివర్న "సమస్య" అని ఒక కాలమ్. మెంటార్లందరికీ అదే షీటు, హెచ్ఓడీ (విభాగాధిపతి) కూడా తెరవొచ్చు. ఒకతను "ఇంట్లో గొడవలు, రాత్రుళ్లు ఏడుస్తోంది" అని రాసేశాడు, పక్కన పేరుతో సహా. నేను చూశాను, నాతో పాటు ఇంకెంతమంది చూశారో.

సాయంత్రంఆరు:
నేను భయపడింది దీనికే. మెంటార్ కౌన్సెలర్ కాడు. లైబ్రరీ కార్డు ఎక్కడ తీసుకోవాలి, ఏ సార్‌ని ఎలా అడగాలి, బ్యాక్‌లాగ్ పడితే ఏం చేయాలి, ఇవి సీనియర్ చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. కానీ రాత్రి పన్నెండింటికి జూనియర్ ఫోన్ చేసి "నాకు బతకాలని లేదు" అంటే, పొద్దున్నే తనకీ పరీక్ష ఉన్న ఇరవై ఏళ్ల పిల్లాడు ఏం చేస్తాడు? ఏం చేయాలో ముందే నేర్పాలి. కంగారుపడకుండా వినాలి, చనిపోవాలని అనుకుంటున్నావా అని సూటిగానే అడగాలి (అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ), ఒంటరిగా వదలకూడదు, అప్పటికప్పుడు పెద్దవాళ్లెవరికి చెప్పాలో ఆ నంబరు చేతిలో ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకూడదు. ప్రాణం మీదికి వస్తే చెప్పాల్సి ఉంటుందని మొదటి రోజే చెప్పేయాలి. అదైనా చెప్పేది ఆ పెద్దవాళ్లకే, షీటులోకి ఇవేవీ ఎక్కకూడదు. అందులో కలిశారా లేదా అన్నది చాలు.

మూడోవరుస:
నాకు వినికిడి సమస్య ఉంది. నాకూ ఒక మెంటార్‌ని ఇచ్చారు, పాపం మంచివాడే, రోజూ "ఎలా ఉన్నావ్" అని మెసేజ్ పెడతాడు. నాకు కావాల్సింది క్లాసుకి ముందే స్లైడ్లు, వీడియోలకి క్యాప్షన్లు, బోర్డు వైపు తిరిగి మాట్లాడని లెక్చరర్. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక 24వ అధికరణం చెప్పేదీ ఇదే, చదువుకు అవసరమైన సర్దుబాట్లు చేసిపెట్టాలని. అవి చేయాలంటే డబ్బు ఖర్చవుతుంది, మెంటార్‌కైతే సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. స్నేహితుల్ని నేను వెతుక్కోగలనండీ.

రెండోబెంచి:
మూడోవరుస గారి మాట ఒప్పుకుంటున్నా. కానీ జాబితా అసలే వద్దంటే నేను ఒప్పుకోను. బయట పెట్టకండి, షీటు మూసేయండి, మెయిల్‌లో మాట మార్చండి. లోటు ఎక్కడుందో లెక్కపెట్టడం మానేస్తే మాత్రం యూనివర్సిటీ హాయిగా నిద్రపోతుంది.

నల్లబోర్డు:
లెక్కపెట్టుకోనివ్వండి, పేర్లు తీసేసి. మెంటార్లని సబ్జెక్టులకు ఇవ్వండి, విద్యార్థులకు కాదు. "నాలాంటి వాళ్లు ఎవరైనా ఉంటే బాగుండు" అనుకునేవాళ్లు చెప్పడానికి ఒక గడి పెట్టండి, నింపడం వాళ్లిష్టం. మెంటార్లకు కూడా ఎంతో కొంత ముట్టజెప్పండి, ఊరికే చేసే పని సెమిస్టర్ సగంలోనే ఆగిపోతుంది.

లైబ్రరీమూల:
ఇవన్నీ రాసుకుని డీన్ ఆఫీసుకి వెళ్లొచ్చాను. "సమస్య" కాలమ్ తీసేస్తామన్నారు, పాతవి కూడా చెరిపేస్తారట. మెయిల్ మాత్రం వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. క్యాప్షన్ల గురించి అడిగితే అది వేరే విభాగమట. జాబితా ఉంటుందట. అన్నట్టు ఆ అమ్మాయి మెంటార్‌గా నన్ను వద్దంది, ఫిజిక్స్ సెషన్ ఎవరైనా పెడితే మాత్రం వస్తానంది. నాకు ఫిజిక్స్ అంతంత మాత్రమే, సీనియర్లలో ఎవరైనా ఉన్నారా?