కరోనా రోజుల్లో క్యాన్సర్ పేషెంట్‌ని చూసుకున్నవాళ్లు... మీ మనసు ఇప్పుడెలా ఉంది?

పటమట_కోడలు:
మా అత్తయ్యకు రొమ్ము క్యాన్సర్. 2020 మార్చిలో రెండో కీమో అయిన నాలుగు రోజులకే లాక్‌డౌన్. ఆవిడ ఇప్పుడు బాగున్నారు. నాకే బాగాలేదు. పక్కన ఎవరు దగ్గినా గుండెదడ. ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి ఆవిడ నుదురు పట్టుకుని చూస్తాను. మీకూ ఇలా ఉందా? ఎలా బయటపడ్డారు? బెజవాడలో మంచి కౌన్సెలర్ ఎవరైనా తెలుసా? ఆ జూన్‌లో మా ఆడపడుచు సత్యనారాయణపురం నుంచి ములక్కాడ పులుసు పట్టుకొస్తే, అత్తయ్యకు తెల్లకణాల కౌంట్ తక్కువని గేటు దగ్గరే ఆపేశాను. క్యారియర్ గోడ మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటినుంచి మాటల్లేవు.

బ్రాడీపేట_4:
గుంటూరు నుంచి వెళ్తుంటే మమ్మల్ని కాజా టోల్‌గేట్ దగ్గర ఆపేవారు. నాన్నకు కీమో విజయవాడలో. కారు అద్దానికి కేస్ షీట్ జిరాక్స్ అంటించుకుని వెళ్లేవాడిని. తిరుగు ప్రయాణంలో నాన్నకు వాంతులు. పోలీసాయన కాగితం చదివేదాకా ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో ఆయన తల పట్టుకుని కూర్చున్నాను. మనకూ ఒక మనసు ఉంటుందన్న సంగతే గుర్తులేదండీ.

కృష్ణలంక_అమ్మాయి:
పటమటగారూ, కన్నతల్లిని చూడ్డానికి వచ్చిన కూతుర్ని ఆపడానికి మీకు మనసెలా ఒప్పింది? మా వదిన కూడా ‘కౌంట్ తక్కువ’ అనే చెప్పింది. మా అమ్మ ఆఖరి ఐదు నెలలూ వీడియో కాల్‌లోనే చూశాను.

ల్యాబ్_రావు:
22 ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, చెబుతున్నా వినండి. సాధారణంగా కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 500 లోపుంటే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు జ్వరం 100.4 వస్తే పారాసిటమాల్ వేసి కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈవిడ చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. తెలియనివాళ్లు తప్పు పట్టొద్దు.

కృష్ణలంక_అమ్మాయి:
నాకు తెలియదని మీకెవరు చెప్పారు? మూడో వారానికి కౌంట్ మళ్లీ పెరుగుతుందిగా! అప్పుడైనా ఒక్క పూట, మాస్కు పెట్టుకుని, వరండాలో దూరంగా కూర్చోనివ్వొచ్చు కదా? ఆ ఒక్క పూట కోసమే నేను ఇప్పటికీ ఏడుస్తున్నాను.

తెనాలి_పిన్ని:
కౌంట్‌కి బొప్పాయి ఆకు రసం మంచిదంటారు. మేం మరిదికి ఇచ్చాం.

ల్యాబ్_రావు:
అమ్మా, అది డెంగ్యూలో ప్లేట్‌లెట్లకని జనం చెప్పుకునే మాట. కీమో మీదున్నవాళ్లకు డాక్టర్ని అడక్కుండా ఏ రసాలూ పట్టకండి.

తెనాలి_పిన్ని:
మీరొక్కరే చదువుకున్నట్టు మాట్లాడకండి. మా మరిది ఈ రోజుకీ పొలం వెళ్తున్నాడు.

మంగళగిరి_మగ్గం:
నా భార్యకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2021 మేలో రోజూ రేడియేషన్. 5వ తేదీ నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పొద్దున్నే బండి మీద తీసుకెళ్లి 12 లోపు ఇల్లు చేరాలి. మగ్గం మూలపడింది, అప్పు పెరిగింది. ఫోన్ చేసినవాళ్లంతా ఆమెకెలా ఉందనే అడిగారు. స్నానాల గదిలో పంపు తిప్పి ఏడ్చేవాడిని. ఒకరోజు తనే తలుపు కొట్టి, ‘బకెట్ నిండి పారుతోంది, బయటికొచ్చి నా దగ్గర ఏడువు’ అంది. ఇద్దరం మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాం. ఆ రాత్రి నిద్రపట్టింది.

బ్రాడీపేట_4:
అన్నా, చదువుతుంటే కళ్లు తడిశాయి. ఇప్పుడు గుంటూరు పెద్ద ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనే నాట్కో మందుల కంపెనీ వాళ్లు కట్టించిన క్యాన్సర్ సెంటర్ ఉంది. అది అప్పటికే ఉండి ఉంటే మాకు ఈ టోల్‌గేటు తిప్పలు తప్పేవి.

గవర్నర్‌పేట_టీచర్:
అసలు అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పటమట అమ్మాయీ, 14416కి ఫోన్ చెయ్యి. టెలీమానస్ అని మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మా ఆయన పోయాక మూడుసార్లు చేశాను. మొదటిసారి ఏడుపు తప్ప మాట రాలేదు, అవతలి అమ్మాయి ఫోన్ పెట్టేయలేదు.

పటమట_కోడలు:
థ్యాంక్స్ టీచర్‌గారూ, చేస్తాను. కృష్ణలంక అమ్మాయీ, మూడో వారం సంగతి డాక్టర్‌గారిని అడగాలని కూడా నాకు తట్టలేదు. ప్రతి రోజూ పదో రోజులాగే భయపడ్డాను. మీ అమ్మగారి విషయం చదివాక మా ఆడపడుచు ముఖమే కళ్లముందు కనిపిస్తోంది. ఆ క్యారియర్ ఇంకా మా వంటింటి అటక మీదే ఉంది.

కృష్ణలంక_అమ్మాయి:
ఖాళీ క్యారియర్ తీసుకెళ్లకండి. ఆమెకేం ఇష్టమో అత్తయ్యగారిని అడిగి వండండి.