“వివరింపదగున్” – ఎవరికి వివరించాలి?

తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. నోరు విప్పమంటే గోడకేసి చూసే పిల్లలు, రాయమంటే మాత్రం రాస్తున్నారు. ఈ ఏడాది రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని, పేజీ పైన ఒక పద్యం రాసి పెడుతున్నాను. రోజుకొకరు ఇంటికి పట్టుకెళ్ళి తోచింది రాస్తారు. మర్నాడు తీసుకెళ్ళినవాళ్ళు దాని కిందే జవాబు రాస్తారు. నేను దిద్దను, మార్కులూ వేయను. ఈ వారం పద్యం మీ అందరికీ నోటికొచ్చిందే:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ!

ఒకబ్బాయి ఇలా రాశాడు: “విన్న వెంటనే తొందరపడి చెప్పెయ్యకుండా, నిదానంగా వివరించాలి.” కింద ఇంకో అమ్మాయి: “ఎవరికి వివరించాలి? పద్యంలో ఇంకో మనిషి లేడు కదా?” నాకు చాలా సంతోషమేసింది. కానీ జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. తాత్పర్యంలో “ఆలోచించాలి, పరిశీలించాలి” అని ఉంటుంది. పరీక్షల పేపర్లో “కింది ప్రశ్నకు వివరించి రాయండి” అని చూసే పిల్లలు, వివరించడమంటే పరిశీలించడం అంటే ఎలా నమ్ముతారు?

జవాబు:
మాస్టారూ, ముందు ఛందస్సు చూడండి. ఇది కందపద్యం. కందంలో రెండో పాదం నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగే అక్షరం రావాల్సిన చోటు. పాదం “వి”తో మొదలైంది కాబట్టి అక్కడా “వి” గానీ దానికి యతి చెల్లే అక్షరం గానీ కావాలి, గణానికి నాలుగు మాత్రలే ఉండాలి. “విచారింప” పెడితే “విచారిం” ఐదు మాత్రలై చెడుతుంది. “వివరిం” చక్కగా సరిపోయింది. సుమతీ శతకం బద్దెన రాశాడంటారు కదా, ఎవరు రాసినా లెక్క చూసుకునే వేశారు.

జవాబు:
యతి కోసమే వేశారంటే ఒప్పుకోను. ఆ మాటకు ఆ అర్థం లేకపోతే యతి కుదిరినా పద్యం కుదరదు. సంస్కృతంలో “వివరం” అంటే కన్నం, బిలం. అమరకోశంలో “కుహరం సుషిరం వివరం బిలం” అని వరసగా వస్తాయి. “వృ” అంటే కప్పడం. ముందు “వి” చేరితే కప్పింది తెరవడం. వివృతం, వివరణ అన్నీ ఆ ఇంటివే. మూత తీసి ఎదుటివాడికి చూపిస్తే ఈనాటి వివరించడం. మూత తీసి తానే లోపలికి తొంగిచూస్తే పద్యంలోది. పిల్లలకు పాము పుట్ట బొమ్మ వేసి చెప్పండి, జన్మలో మర్చిపోరు.

జవాబు:
అంత దూరం వెళ్ళక్కర్లేదండీ. మావైపు “వాడు వివరం తెలిసినోడు” అంటారు. బాగా విడమర్చి చెప్పేవాడని కాదు, మంచీచెడూ కనిపెట్టగలవాడని. పిల్లల నాయనమ్మల్ని అడిగించండి.

అడిగినవారు:
అందరికీ నమస్కారం. పుట్ట బొమ్మ బాగా పనిచేసింది, వెనక బెంచీ వాళ్ళు పాము కూడా వేశారు. ఇంకో రెండు సంగతులు నోటుబుక్కులో తేలాయి.

“కనికల్ల” అచ్చులో కలిపి ఉండడంతో చాలామంది “కళ్ళతో కని” అనుకున్నారు. “కని, కల్ల నిజము” అని విడగొట్టి, కల్లబొల్లి కబుర్లు గుర్తుచేశాను. “మనుజుడెపో” దగ్గర క్లాసంతా నవ్వు. నీతిపరుణ్ణి పొమ్మంటున్నారేంటి సార్ అని! “అయితే అయింది పో” అన్నప్పుడు ఎవర్నీ ఎక్కడికీ పంపం కదా అన్నాను. ఇక్కడ పో “అతడే సుమా” అని గట్టిగా చెప్పడానికి.

అసలు గొడవ మొదటి పాదం మీద. ఒకమ్మాయి రాసింది: “ఇంట్లో మమ్మల్ని తిట్టేటప్పుడు ఈ ఒక్క లైనే చదువుతారు. మేం చెబితే మాత్రం ఎవరూ వినరు.” నిజమే కదా! మనం “మాట వినడు” అంటే చెవుడని కాదు, చెప్పినట్టు చెయ్యడని. ఆ అర్థంతో మొదటి పాదాన్ని పిల్లల నెత్తిన వేసి, రెండో పాదం మింగేస్తాం. అక్కడేమో వినగానే వేగపడొద్దని ఉంది. కాబట్టి ఇక్కడ వినడం చెవి పని, లోబడడం కాదు. పైగా “ఎవ్వరు” అన్నాక పద్నాలుగేళ్ళ పిల్లా అందులోకే వస్తుంది. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు, సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను.

జవాబు:
ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి మాస్టారూ. ఇక దయచేసి ఎవరూ ఈ పద్యానికీ వాట్సాప్ ఫార్వర్డులకూ ముడిపెట్టి వ్యాసం రాయకండి, ఇప్పటికే నాలుగు చదివాను.

అడిగినవారు:
చెప్పాను. నిన్న నోటుబుక్కు మొదటబ్బాయి దగ్గరికే తిరిగి వెళ్ళింది. తను రాసింది కొట్టెయ్యకుండా దాని కింద ఇంకో ప్రశ్న రాసి తెచ్చాడు: “నిజమూ అబద్ధమూ కనిపెట్టినవాడు తెలివైనవాడు అవ్వాలి కదా, నీతిపరుడు అని ఎందుకన్నారు?” సోమవారం ఆ పేజీ తెరవాలి. ఎవరికైనా ఏదైనా తోస్తే ఈలోగా చెప్పండి.